తోసేవాడితో కలిసి నడిచి పడేయడం ఎలా

జూడో మ్యాట్ ఎక్కిన మొదటి వారంలో దాదాపు అందరూ ఒకటే చేస్తారు. ఎదుటివాడు తోయగానే మడమలు నేలకు తన్నిపెట్టి, మోచేతులు బిగించి, ఎదురు తోస్తారు. కబడ్డీ ఆడి వచ్చిన పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. రైడర్‌ని దొరికినచోటే ఆపేయడం వాళ్ళకు అలవాటైన పని. ఆ నడుం బలం, ఆ పట్టు తర్వాత తప్పకుండా పనికొస్తాయి. కానీ త్రో చెయ్యాలంటే ముందు ఆపడం మానెయ్యాలి. ఎదుటివాడు ఎటు వెళ్తుంటే మీరూ అటే వెళ్ళాలి, అతనికంటే ఒక్క రవ్వ ముందు. ఆ ఒక్క రవ్వ ఎలా సంపాదించాలో ఇక్కడ రాస్తున్నాను.

నేను 52 కేజీల విభాగంలో ఆడినదాన్ని. నా బరువున్న అమ్మాయిలు క్లబ్‌లో తక్కువ. కాబట్టి ప్రాక్టీసంతా నాకంటే బాగా బరువైన వాళ్ళతోనే జరిగేది. అలాంటి చోట ఎదురు తోసి గెలుద్దామనుకుంటే సాయంత్రానికి భుజాలు పట్టేయడం తప్ప ఏమీ మిగలదు. ఇప్పుడు బ్యాచ్‌కి నేర్పేటప్పుడు కూడా నడకతోనే మొదలుపెడతాను. వీపు మీదుగా ఎత్తివేసే పెద్ద త్రోలు తర్వాత.

జూడో స్థాపకుడు జిగొరో కానో 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో, 12 చాపలు పట్టే గదిలో, కోదోకాన్ అనే జూడో శిక్షణాలయం మొదలుపెట్టారు. ఆయన ఈ విషయాన్ని అంకెల్లో చెప్పేవారు. ఎదుటివాడి బలం 10, నా బలం 7 అనుకుందాం. అతను 10తో తోస్తుంటే నేను 7తో ఎదురు తోస్తే నేనే పడతాను. అదే, అతను తోసిన మేరకు నేను వెనక్కి జరిగితే అతని ఒళ్ళు ముందుకు తూలుతుంది. తూలినవాడు తన బలమంతా వాడలేడు, 3 వాడగలిగితే ఎక్కువ. నా 7 మాత్రం నా దగ్గరే ఉంది, అందులో సగం పెట్టినా చాలు. పిల్లలకు ఈ లెక్క చెప్పగానే అర్థమవుతుంది. కాళ్ళకు అర్థం కావడానికే నెలలు పడుతుంది.

కానో కూడా ఇది పుట్టుకతో తెలిసినవారేం కాదు. జూడోకి ముందున్న జపాన్ పోరాట విద్య జుజుత్సు. అందులో కితో-ర్యూ అనే శాఖలో ఆయన గురువు ఈకుబో త్సునెతోషి. చాలాకాలం ఆ గురువు చేతిలో పడుతూనే వచ్చారు. ఎదుటివాడి నిలకడ ఎప్పుడు ఎటువైపు చెదురుతుందో పట్టి పట్టి గమనించడం మొదలుపెట్టాక ఒకరోజు గురువునే వరసగా పడేశారు. నిలకడ చెదరగొట్టడాన్ని జూడోలో కుజుషి అంటారు. త్రోకి ముందు జరిగేదంతా అదే.

ముందు పడటం రావాలి

ఇందులో ఏదీ ఒంటరిగా, వీడియో చూసి, ఇంట్లో నేల మీద చేసేది కాదు. కోచ్ ఉండాలి, మ్యాట్లు ఉండాలి, ఇద్దరికీ ఉకెమి, అంటే దెబ్బ తగలకుండా పడటం, వచ్చి ఉండాలి. గడ్డం ఛాతీకి ఆనించాలి, తల వెనకభాగం మ్యాట్‌కి తగలకూడదు. చేయి ఒంటికి దగ్గరగా, కాస్త ఏటవాలుగా, మొత్తం చేత్తో ఒక్కసారి మ్యాట్‌ని కొట్టాలి. ఊపిరి బిగబట్టకూడదు, పడుతూనే వదలాలి. పడబోతున్నానని చేయి చాపి నేలకు ఆనిస్తే మణికట్టో మోచెయ్యో పోతుంది.

మేం కడప రాళ్ళ నేల మీద మ్యాట్లు పరుచుకుని చేస్తాం. కాలితో ఊడ్చే త్రోలు చేసే రోజు ముందు మ్యాట్ల మధ్య సందులు చూస్తాను. వేగంగా జరిగే కాలి బొటనవేలు ఆ సందులో ఇరుక్కుంటే ఇక ఆ నెల ప్రాక్టీసు లేనట్టే.

పట్టు

ఎడమ చేత్తో పార్ట్‌నర్ కుడి స్లీవ్‌ని మోచేతి దగ్గర బయటివైపు పట్టుకోండి. కుడి చేత్తో అతని ఎడమ కాలర్‌ని ఛాతీ పైభాగంలో పట్టుకోండి. చిటికెనవేలు, ఉంగరపు వేలు గట్టిగా మూయాలి, చూపుడువేలు దాదాపు వదులుగా ఉండాలి. పిడికిలి మొత్తం బిగిస్తే ముంజేయి రాయిలా మారుతుంది. బిగిసిన చేయి ఏమీ వినదు. పైగా మీరు ఏం చెయ్యబోతున్నారో అతనికి ముందే చెప్పేస్తుంది.

అలాగని చేతులు వేలాడేయకూడదు. "మెత్తగా ఉండండి" అంటే కొందరు చచ్చుబడినట్టు పట్టుకుంటారు. అప్పుడు అతని తోపు చేతుల్లోనే ఆగిపోతుంది, నడుం దాకా రాదు. మోచేతులు కొంచెం వంచి, పక్కటెముకలకు దగ్గరగా పెట్టి, అతను అంగుళం జరిగితే మీ బొడ్డు కూడా అంగుళం జరిగేలా ఉండాలి. ఇది సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి నేను పక్కన నిలబడి పార్ట్‌నర్‌ని వీపు మీద వేలితో మెల్లగా నెడతాను. అవతలివాళ్ళ నడుం కదిలితే పట్టు బాగున్నట్టు. భుజాలు మాత్రమే కదిలితే మళ్ళీ పట్టుకోమంటాను.

నడక

ఇప్పుడు పార్ట్‌నర్ తోస్తూ ముందుకు రావాలి, మీరు వెనక్కి వెళ్ళాలి. మామూలు నడక కాదు, త్సుగి-ఆషి. ఒక కాలు జరుగుతుంది, రెండోది దాని వెనకే వచ్చి దగ్గర పడుతుంది, కానీ దాన్ని దాటదు. పాదాలు మ్యాట్‌ని రాసుకుంటూ జరగాలి, ఎత్తి వెయ్యకూడదు. బరువు పాదం ముందుభాగం మీద ఉండాలి. వెనక్కి నడుస్తున్నాం కదా అని మడమల మీదికి వాలితే అతను అలాగే తోసి పడేస్తాడు.

కాళ్ళవైపు చూడొద్దు. చూపు అతని కాలర్ దగ్గర ఉంచండి. కాలు ఎప్పుడు పడుతుందో స్లీవ్ చెబుతుంది. అతని కుడికాలి మీదికి బరువు దిగబోతుంటే ఆ భుజం కాస్త కుంగుతుంది, మీ ఎడమ చేతిలో ఉన్న మోచేయి ఒక్క క్షణం బరువెక్కుతుంది. ఎంత చిన్న మార్పంటే మొదట్లో అసలు తెలియదు. అందుకే నేను కళ్ళు మూయించి చేయిస్తాను. పార్ట్‌నర్ తోస్తూ నడుస్తాడు, కళ్ళు మూసుకున్నవాళ్ళు వెనక్కి వెళ్తూ అతని కుడిపాదం దిగిన ప్రతిసారీ "ఇప్పుడు" అనాలి. మొదట పాదం దిగాక అంటారు. కొన్నాళ్ళకు దిగుతుండగా అంటారు. దిగబోయే ముందే అనడం వచ్చిన రోజు త్రో మొదలుపెట్టొచ్చు. నా ఉద్దేశంలో ఈ ఒక్క అభ్యాసం, కదలకుండా నిలబడ్డ పార్ట్‌నర్ మీద వంద సార్లు త్రోలోకి దూరి వెనక్కి రావడం కంటే విలువైనది.

ఇక్కడ తోసేవాడి నిజాయితీ చాలా ముఖ్యం. స్నేహం కొద్దీ మెల్లగా, ఎటు కావాలంటే అటు వంగుతూ తోస్తే కలవడానికి అక్కడేమీ ఉండదు. నిన్ను గోడ దాకా తీసుకెళ్తాను అన్నట్టు, పొట్టలోంచి తోయాలి. వేగం తక్కువ ఉన్నా పర్వాలేదు, ఉద్దేశం నిజమై ఉండాలి.

మొదటి త్రో: ఉకి-ఒతోషి

కాతా అంటే ముందే నిర్ణయించిన వరసలో ఇద్దరు కలిసి చేసే అభ్యాసం. కోదోకాన్ త్రోల కాతా అయిన నాగె-నో-కాతాలో 15 త్రోలు ఉంటాయి. వాటిలో మొట్టమొదటిది ఉకి-ఒతోషి. పోటీల్లో ఇది దాదాపు కనిపించదు, అందుకని చాలామంది దీన్ని బెల్ట్ పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేస్తారు. నాకది బాధగా ఉంటుంది. ఇందులో కాలు అడ్డం పెట్టడం లేదు, నడుం మీదికి ఎత్తడం లేదు. కదలికతో కలవడం ఒక్కటే ఉంది. అది కుదిరితే మనిషి పడతాడు, కుదరకపోతే ఏమీ జరగదు, కాబట్టి మిమ్మల్ని మీరు మోసం చేసుకునే వీల్లేదు.

పార్ట్‌నర్ కుడికాలు ముందుకేసి తోస్తాడు. మీరు ఎడమకాలు వెనక్కి తీసి, అతని పొడవుకు సరిపోయే అడుగు వేస్తారు. రెండో అడుగూ అంతే. ఈ రెండు అడుగుల్లో మీ పని అతని నడక లయను పట్టుకోవడం. అతనికీ మీకూ మధ్య దూరం పెరగకూడదు, తగ్గకూడదు. మూడో అడుగుకు అతను మళ్ళీ అంతే దూరం వస్తాడని అతని ఒళ్ళు సిద్ధమై ఉంటుంది. అప్పుడు మీ ఎడమకాలు అంతకుముందుకన్నా బాగా వెనక్కి, కాస్త పక్కకి ఏటవాలుగా వెళ్ళి, ఆ మోకాలు మ్యాట్ మీద ఆనాలి. కాలివేళ్ళు మడిచి నేలకు పట్టుండాలి, కుడి మోకాలు పైకి ఉండాలి. మీ ఒళ్ళు కిందికి దిగుతుండగానే ఎడమచేయి అతని స్లీవ్‌ని అతని ముందువైపుకు, కిందికి వంపుగా లాగుతుంది. కుడిచేయి అదే దిశలో సాయం చేస్తుంది.

అతనికి అనిపించేది చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేసినట్టుంటుంది. ఆనించి తోయడానికి ఇంతసేపూ ఎదురుగా ఉన్న మీరు ఉన్నట్టుండి అక్కడ ఉండరు.

దిశ గురించి ఒక మాట. అతను తోస్తున్నది నేరుగా. మీరు కూడా నేరుగా లాగితే అతను ఇంకో అడుగు వేసి నిలదొక్కుకుంటాడు, ఎందుకంటే అటువైపు వేయడానికి ఎడమకాలు ఖాళీగా ఉంది. ఆ కాలు సాయం రాని దిక్కు అతని కుడి ముందు మూల. జూడోలో నిలకడ చెదిరే దిక్కులు ఎనిమిదిగా చెబుతారు: ముందు, వెనక, రెండు పక్కలు, నాలుగు మూలలు. ఎక్కువ త్రోలు మూలల్లోనే పనిచేస్తాయి. తోపుతో కలవడం అంటే తోపు చెప్పినట్టు వినడం కాదు. అతని వేగాన్ని అలాగే ఉంచి, దారిని మాత్రం కొద్దిగా మూలకు తిప్పుతున్నారు.

పడిపోయేటప్పుడు అతని స్లీవ్ వదలొద్దు. చివర్లో ఆ చేతిని కాస్త పైకి పట్టి ఉంచితే అతను ఒత్తిగిలి పక్కకి పడతాడు, తల కాపాడబడుతుంది.

పాదం దిగే క్షణం

ఉకి-ఒతోషి కొంచెం వచ్చాక దెయాషి-హరాయ్‌కి వెళ్ళండి. ముందుకొస్తున్న పాదాన్ని ఊడ్చే త్రో ఇది. అతని కుడికాలు ముందుకొచ్చి, బరువు దిగడం మొదలైంది, ఇంకా పూర్తిగా దిగలేదు. సరిగ్గా అక్కడ మీ ఎడమ అరికాలు అతని పాదం బయటివైపు, చీలమండ ఎముక కింద తగలాలి. కాలు చాచి, చిటికెనవేలి అంచు మ్యాట్‌కి రాసుకుంటూ వెళ్ళాలి. పాదం ఎటు జారబోతోందో అటే ఇంకొంచెం జరపాలి. అదే సమయంలో ఎడమచేయి స్లీవ్‌ని మీ తుంటివైపు కిందికి లాగుతుంది.

ముందుగా తగిలితే అతను కాలు ఎత్తి పక్కన పెట్టుకుంటాడు. ఆలస్యమైతే మీరు స్తంభాన్ని తన్నుతున్నట్టే, చీలమండకి దెబ్బ, పార్ట్‌నర్‌కి కోపం. కాలు నొప్పి పుడుతోందంటే టైమింగ్ తప్పుతోందని అర్థం, బలం పెంచమని కాదు. బాగా కుదిరినప్పుడు ఊడ్చిన కాలికి దాదాపు ఏ బరువూ తెలియదు.

పక్కకి నడుస్తున్నప్పుడు ఇదే పని ఒకురి-ఆషి-హరాయ్‌తో చేస్తాం. అతని ముందుకాలు పక్కకి వెళ్ళింది, రెండోది దాని దగ్గరికి చేరుతోంది. ఆ చేరేదాన్ని అదే దిక్కుగా ముందుకాలి మీదికి ఊడ్చి, చేతులతో పైకి ఎత్తినట్టు చెయ్యాలి. రెండు పాదాలూ ఒకేసారి లేస్తాయి. కాతాలో దీనికి మూడు పక్క అడుగులు ఉంటాయి. వేగాన్ని ఒకేసారి పెంచకుండా అడుగు అడుగుకీ కొంచెం పెంచుకుంటూ పోవాలి.

సాసాయె-త్సురికోమి-ఆషిలో దీనికి తిరగబడిన పని. మీరు ఎడమకు తిరుగుతూ వెనక్కి వస్తుంటే అతను వంపులో నడవాలి, కుడికాలు ఎక్కువ దూరం వెయ్యాల్సి వస్తుంది. వేయబోయే ఆ కాలి చీలమండ ముందు మీ ఎడమ అరికాలు పెట్టి ఉంచండి, తన్నొద్దు. కాలిని ఆపుతున్నాం, మనిషిని ఆపడం లేదు. ఒళ్ళు వెళ్తున్న దారిలోనే రెండు చేతులూ దాన్ని ఇంకా తీసుకుపోవాలి. చాలామంది కాలు అడ్డం పెట్టగానే చేతులు ఆపేస్తారు. అక్కడే త్రో చచ్చిపోతుంది.

తిరగడం

తోపును నేరుగా వెనక్కి తీసుకోవడమే కాదు, దాని పక్కకి వెళ్ళి తిరగడమూ ఉంది. ఇది నేర్చుకోవడానికి ఐకిడో అనే మరో జపాన్ యుద్ధవిద్యలోని తెన్‌కన్ అనే తిరిగే కదలిక కంటే మంచి అభ్యాసం నాకు తెలియదు. ఐకిడో స్థాపకుడు మొరిహెయి ఉయెషిబా (1883–1969). ఆయన ప్రదర్శనను కానో 1930లో చూసి, తన దగ్గరివాళ్ళలో కొందరిని నేర్చుకోమని పంపారు. జూడోవాళ్ళకు దాంతో పనిలేదనుకునేవారికి ఇది చెబుతుంటాను.

పార్ట్‌నర్ కుడికాలు ముందుంచి కుడిచేత్తో మీ ఎడమ మణికట్టు పట్టుకుంటాడు. మీ ఎడమకాలు ముందుంటుంది. ఇప్పుడు చేతిని లాక్కోవాలని చూడొద్దు. పట్టుకున్న చోటు అక్కడే ఉండనివ్వండి, మీరే దాని చుట్టూ కదలండి. ఎడమకాలు అతని కుడిపాదం బయటివైపు జరిపి, దాని మీద గుండ్రంగా తిరిగి, కుడికాలు వెనక్కి తీసుకోండి. ఇప్పుడు ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఒకేవైపు చూస్తున్నారు. మీ చేయి మీ బొడ్డు ముందు, అరచేయి పైకి ఉంది. అతను ఇంకా తోస్తూనే ఉన్నా అది మీ మీద పడటం లేదు, ముందున్న ఖాళీలోకి పోతోంది.

తిరిగాక ఒక్క క్షణం ఆగి, మీ వీపు నిటారుగా ఉందా, చేయి నడుం మధ్యలోనే ఉందా చూసుకోండి. చేయి పక్కకి పోయి ఉంటే తిరిగింది నడుం కాదు, భుజం.

లాగితే

తోస్తే లాగు, లాగితే తొయ్యి అనేది జూడోలో పాతమాట. లాగేవాడితో కలవడం తోసేవాడితో కలవడం కంటే తేలిక, ఎందుకంటే అతనే మిమ్మల్ని లోపలికి తెచ్చుకుంటున్నాడు. లాగడం మొదలవగానే అడుగు పెద్దగా వేసి ఛాతీకి ఛాతీ దగ్గరయ్యేలా వెళ్ళండి. అతని బరువు మడమల మీదికి పోయి ఉంటుంది. కుడికాలితో అతని ఎడమకాలిని లోపలినుంచి ఊడ్చి, ఆ వెనక మూలకు ఒళ్ళంతా తీసుకెళ్తే ఓ-ఉచి-గారి. చేతులతో మాత్రమే నెడితే అతను వెనక్కి పరుగెత్తుకుపోతాడు.

ఓ-ఉచి-గారి నుంచి తప్పించుకోవడానికి అతను ముందుకు తోసి నిలబడ్డాడనుకోండి, అది మీకు కావాల్సిందే. ఆ తోపు ఇప్పుడు వీపు మీదుగా ఎత్తివేసే సెఓయి-నాగెకి పనికొస్తుంది. ఒక దిక్కుకు ప్రయత్నించి, దానికి అతను ఇచ్చే ఎదురుతోపుతో రెండో దిక్కుకు వెళ్ళడమన్నమాట. మొదటి ప్రయత్నం నిజంగా ఉండాలి, నటిస్తే అతను ఎదురు తోయడు.

ఇదంతా ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే 10వ డాన్ (బ్లాక్ బెల్ట్‌లో పదో స్థాయి) క్యూజో మిఫునె (1883–1965) పాత ఫిల్ములు చూడండి. చిన్న మనిషి, వయసు మళ్ళాక కూడా తనకంటే పెద్దవాళ్ళతో ఆడుతుంటాడు. ఆయన చేసే సుమి-ఒతోషి అనే త్రోలో కాలు తగలదు, తుంటి తగలదు, చేతులతోనే మనిషి గాల్లోకి లేస్తాడు. చేతులవైపు కాకుండా ఆయన పాదాలవైపు ఒకసారి చూడండి. ఎదుటివాళ్ళ అడుగులతో కలిసి అవి ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి.

రందోరిలో పెట్టడం

వారంలో ఒకరోజు సగం బలంతో రందోరి, అంటే ముందే అనుకోకుండా ఇద్దరూ స్వేచ్ఛగా ఆడే ప్రాక్టీసు, చేయండి. పార్ట్‌నర్‌ని మార్చుకుంటూ ఒక్కొక్కరితో మూడేసి నిమిషాలు చాలు. మీకంటే బరువైనవాళ్ళు ఒకరు, తేలికైనవాళ్ళు ఒకరు ఉండేలా చూసుకోండి. తేలికైనవాళ్ళ దగ్గర బలం వాడేయాలనిపిస్తుంది, కానీ వాళ్ళ అడుగులు చురుగ్గా ఉంటాయి కాబట్టి టైమింగ్ వాళ్ళ దగ్గరే బాగా పదునెక్కుతుంది. ఎత్తి వేసే త్రోలు ఆ రోజుకు వద్దనుకోండి, కాళ్ళ త్రోలు మాత్రమే ప్రయత్నించండి.

అయ్యాక పార్ట్‌నర్‌ని ఒక ప్రశ్న అడగండి: నేను త్రోకి వస్తున్నానని నీకు ఎప్పుడు తెలిసింది? "పట్టు బిగిసినప్పుడు" అంటే చేతుల పని మిగిలి ఉంది, చూపుడువేలు వదులు చేసి కళ్ళు మూసుకునే నడకకు తిరిగి వెళ్ళండి. "ఒక్క క్షణం ఆగావు" అంటే త్రోకి ముందు కాళ్ళు కుదురుగా పెట్టుకుంటున్నారన్నమాట, ఉకి-ఒతోషి మూడు అడుగులు ఆగకుండా నడవడం ప్రాక్టీస్ చేయండి. "కాలు లేపినప్పుడు" అంటే ఊడ్చే కాలు ఎత్తే ముందు మీ బరువు రెండో కాలి మీదికి కనిపించేలా ఒరుగుతోంది. అడుగు వేస్తూ వేస్తూనే బరువు మారేలా, ఒంటరిగా గోడ పక్కన నడుస్తూ అరికాలు జారించే అభ్యాసం రోజూ ఐదు నిమిషాలు చేయండి.